ఎడిసన్ నిదానం

తెలుగులో నిదానమనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. తొందరపాటు లేకపోవడం మొదటిది. ఇది అందరూ ఎరిగినదే. నిదానమే ప్రధానమన్న సామెతలో వినిపించేదీ ఇదే. రెండవది ఆయుర్వేద వైద్యుల పరిభాష. వారి శాస్త్రంలో నిదానమంటే వ్యాధికి మూలకారణం. ఆ కారణాన్ని నిర్ణయించే విద్యకు కూడా అదే పేరు. ఒళ్లు కాలిపోతున్నవాడికి తడిగుడ్డ వేసినంత మాత్రాన వైద్యం పూర్తి కాదు. ఆ వేడి ఎక్కడ పుట్టిందో కనిపెట్టాలి. కనిపెట్టడానికి ఓపిక కావాలి కాబట్టి కాబోలు, ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో కుదురుకున్నాయి. విద్యుద్దీపాన్ని ఇంటింటికీ చేర్చిన థామస్ ఆల్వా ఎడిసన్ జీవితంలో ఈ రెండూ కలిసి కనిపిస్తాయి. దీపాన్ని వెలిగించినవాడుగా లోకం ఆయనను తలచుకుంటుంది. కాని వెలుగుతున్న దీపం ఎందుకు ఆరిపోయిందో, నడుస్తున్న యంత్రం ఎందుకు ఆగిపోయిందో వెతకడంలోనే ఆయన జీవితంలో చాలా భాగం గడిచింది.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మిలాన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు నాన్సీ, శామ్యూల్. ఏడుగురు సంతానంలో అతడు కడగొట్టువాడు. 1854లో ఆ కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు తరలివెళ్లింది. అక్కడ అతని బడి చదువు కొద్ది నెలలతోనే ముగిసింది. పిల్లవానికి బుద్ధి మందమని ఉపాధ్యాయుడు తలచగా, పూర్వం తానూ ఉపాధ్యాయినిగా పనిచేసిన తల్లి కొడుకును ఇంట్లో కూర్చోబెట్టుకొని చదువు చెప్పింది. చిన్ననాడే వినికిడి తగ్గడం ప్రారంభమై, పెద్దయ్యేసరికి దాదాపు చెవుడుగా మారింది. దానిని అతడు ఎన్నడూ దురదృష్టంగా భావించలేదు. లోకంలోని రొద తన ఆలోచనకు అడ్డు రాకపోవడం మేలే అనుకున్నాడు.

పన్నెండవ ఏట రైలులో పత్రికలూ తినుబండారాలూ అమ్మే పనికి కుదిరాడు. సామాన్లు వేసే పెట్టెలో ఒక మూల రసాయనాల సీసాలు పేర్చుకొని, తీరిక దొరికినప్పుడల్లా ప్రయోగాలు చేసేవాడు. ఒకనాడు బండి కుదుపుకు భాస్వరం కింద పడి మంట లేచింది. రైలు ఉద్యోగి ఆ మంటను ఆర్పి, సీసాలనూ కుర్రవాణ్ణీ తరువాతి స్టేషనులో దింపివేశాడు. కదిలే బండిలో ఏ వస్తువూ పెట్టినది పెట్టినట్లు ఉండదన్న సంగతి ఆ విధంగా బాల్యంలోనే అనుభవానికి వచ్చింది. ఈ సంగతి నలభై ఏళ్ల తరువాత మరింత ఖరీదుగా ఆయనకు మళ్లీ ఎదురు కావలసి ఉంది.

1862లో ఒక స్టేషనులో పట్టాల మీద ఆడుకుంటున్న పసివాణ్ణి, దూసుకువస్తున్న పెట్టె కిందపడకుండా ఎడిసన్ కాపాడాడు. ఆ బిడ్డ తండ్రి అక్కడి స్టేషను మాస్టరు. ఆయన కృతజ్ఞతతో ఎడిసన్‌కు తంతి విద్య నేర్పాడు. ఆనాటి తంతి కార్యాలయాలలో విద్యుత్తుకు ఆధారం బ్యాటరీలే. ఆమ్లం నింపిన గాజు జాడీలు వరుసలు వరుసలుగా అరల మీద ఉండేవి. ఎడిసన్ ఊరూరా తిరిగి తంతి పని చేస్తూ, వార్తలు పంపడం కంటె ఆ జాడీల రహస్యం తెలుసుకోవడం మీదనే ఎక్కువ మక్కువ చూపాడు. లూయీవిల్ నగరంలో ఒక రాత్రి ప్రయోగం చేస్తుండగా గంధకికామ్లం ఒలికి, నేల చెక్కల సందులలోనుండి కింది అంతస్తులోకి కారి, అధికారి గదిలోని బల్లనూ తివాచీనీ తినివేసింది. తెల్లవారేసరికి ఎడిసన్ ఉద్యోగం ఊడింది.

1869లో అతడు న్యూయార్కు చేరేనాటికి చేతిలో డబ్బు లేదు, తలదాచుకోను చోటు లేదు. బంగారం ధరలను క్షణక్షణం వ్యాపారుల కార్యాలయాలకు తంతి ద్వారా తెలియజేసే ఒక సంస్థలో, పరిచయస్థుని దయవల్ల బ్యాటరీల గదిలో పడుకోవడానికి అనుమతి దొరికింది. పగలంతా ఆ సంస్థ యంత్రం నడిచే తీరును గమనిస్తూ కూర్చునేవాడు. మూడవనాడో నాలుగవనాడో ఆ ప్రధాన యంత్రం పెద్ద చప్పుడుతో ఆగిపోయింది. ధరలు రాకపోయేసరికి మూడు వందల కార్యాలయాలనుండి కుర్రవాళ్లు పరుగెత్తుకొని వచ్చి గుమికూడారు. అందరూ ఒక్కసారిగా అరుస్తున్నారు. యజమాని కంగారు అంతా ఇంతా కాదు. యంత్రాన్ని చూసుకొనే ఉద్యోగికి కాలూ చేయీ ఆడలేదు. ఎడిసన్ మాత్రం యంత్రం దగ్గరకు పోయి చూశాడు. ఒక స్ప్రింగు విరిగి రెండు పళ్లచక్రాల మధ్య పడింది, అంతే. దానిని తీసివేసి, యంత్రాన్ని సున్నా దగ్గరకు తెచ్చి నిలిపాడు. రెండు గంటలలో ఊళ్లోని యంత్రాలన్నీ యథాప్రకారం పనిచేయసాగాయి. ఆ వెంటనే నెలకు 300 డాలర్ల జీతం మీద ఆ సంస్థలో ఉద్యోగం లభించింది. అక్కడ అతడు చూపినది మేధాశక్తి అనడం కంటె, అందరూ అరుస్తున్నప్పుడు అరవకుండా చూడగలగడం అనడమే సబబు.

ఇక్కడినుండి ఎడిసన్ అభివృద్ధి వేగంగా సాగింది. తంతి యంత్రాలకు మెరుగులు దిద్ది ధనం సంపాదించాడు. 1871లో మేరీ స్టిల్‌వెల్‌ను వివాహమాడాడు. మొదటి ఇద్దరు బిడ్డలకు తంతి సంకేతాలైన చుక్క, గీత అన్న అర్థాలు వచ్చే ముద్దుపేర్లు పెట్టుకున్నాడంటే తంతి విద్య మీద ఆయనకున్న అభిమానం తెలుస్తుంది. 1876లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మెన్లో పార్కులో ప్రయోగశాల నెలకొల్పాడు. 1877లో ఫోనోగ్రాఫు, 1879 అక్టోబరులో కర్బన తంతువుతో వెలిగే దీపం అక్కడే రూపుదిద్దుకున్నాయి. ఈ కథలు పాఠకులు చిన్న తరగతులనుండి చదువుతున్నవే. వాటికంటె తక్కువగా చెప్పబడేది ఆ దీపం వెనుక ఉన్న తీగల కథ.

ఒక్క దీపం వెలిగించడం వేరు, ఊరంతా వెలిగించడం వేరు. ఊరికి విద్యుత్తు పంచాలంటే తీగలు నేలలో పాతాలని ఎడిసన్ నిర్ణయించాడు. 1880లో మెన్లో పార్కులో తీగలను చెక్క గొట్టాలలో పెట్టి పాతిపెట్టి పరీక్షించగా, విద్యుత్తులో చాలా భాగం తడిమట్టిలోకి కారిపోతున్నట్లు తేలింది. తవ్వి తీయించాడు. సహాయకులు దొరికిన ప్రతి జిగురునూ తారునూ కళాయిలలో కాచి, ఆ వాసనకు ప్రయోగశాలలో ఎవరూ నిలవలేని స్థితి తెచ్చారు. చివరకు ట్రినిడాడ్ ద్వీపపు తారును అవిసెనూనెలో ఉడికించి, కొంత పారఫిన్, కొంచెం తేనెమైనం కలిపి, ఆ ముద్దలో తడిపిన గుడ్డను తీగలకు చుట్టగా కారడం ఆగిపోయింది.

కాని ఎంత బాగా చుట్టినా ఎక్కడో ఒకచోట ఆ పైపొర చిరగక మానదు. రెండు తీగలు ఒకదానికొకటి తగలక మానవు. అప్పుడు ఏమి జరుగుతుంది? విద్యుత్తు ఎప్పుడూ అడ్డు తక్కువ ఉన్న దారినే ఎక్కువగా పరుగెత్తుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. 12 వోల్టుల బ్యాటరీకి 4 ఓముల నిరోధం గల దీపాన్ని తగిలిస్తే 3 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. దీపాన్ని దాటకుండానే రెండు తీగలూ కలిసిపోతే నిరోధం ఓములో యాభయ్యో వంతుకు పడిపోవచ్చు. అప్పుడు ప్రవాహం 600 ఆంపియర్లకు చేరుతుంది. ప్రవాహం రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. కాబట్టి రెండు వందల రెట్లు పెరిగిన ప్రవాహానికి తీగ ఎర్రగా కాలి, దానిని ఆనుకున్న చెక్కనో గుడ్డనో అంటించడానికి ఎంతో సేపు పట్టదు. దీనినే మనం షార్టు సర్క్యూటు అంటున్నాము.

ఈ ప్రమాదానికి ఎడిసన్ చెప్పిన విరుగుడు సరళమైనది. దారి మధ్యలో కావాలనే ఒక బలహీనమైన తీగముక్కను పెట్టాడు. రాగి కరగడానికి 1085 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావాలి. సీసానికి 327 డిగ్రీలు చాలు. మితిమీరిన విద్యుత్తు రాగానే సీసపు ముక్క తాను కరిగి, దారి తెగి, మిగిలిన తీగలనూ ఇంటినీ కాపాడుతుంది. సన్నని తీగ కాలిపోవడం ద్వారా తంతి కేంద్రాలను పిడుగులనుండి రక్షించవచ్చునని ఫ్రాన్సులో బ్రెగె అనే శాస్త్రజ్ఞుడు 1847లోనే, అంటే ఎడిసన్ పుట్టిన ఏటనే, సూచించి ఉన్నాడు. ఎడిసన్ ఆ భావాన్ని దీపాల వ్యవస్థకు అన్వయించి 1880లో పేటెంటు పొందాడు. నేడు మనం ఫ్యూజు అని పిలిచేది దీనినే. ఇందులో ఆయన చేసిన ముఖ్యమైన పని మరొకటి ఉంది. మొత్తానికి ఒకే ఫ్యూజు పెట్టి ఊరుకోకుండా, కొమ్మకొక ఫ్యూజు చొప్పున పెట్టాడు. ఒక కొమ్మలో దోషం కలిగితే ఆ కొమ్మ మాత్రమే ఆరుతుంది. ఏ కొమ్మ ఆరిందో చూస్తే దోషం ఎటువైపు ఉన్నదో తెలుస్తుంది. రక్షించేదీ అదే, జాడ చెప్పేదీ అదే.

మెన్లో పార్కులో దీపాల ప్రదర్శన జరిగిన రోజులలో దీనికి ఒక పరీక్ష ఎదురైనట్లు ఆయన జీవితచరిత్రలో చెబుతారు. ఆ ప్రదర్శన భగ్నం కావాలని కోరిన ఒక విద్యుత్ పనివాడు, కోటు లోపల దాచి తెచ్చిన తీగతో రెండు ప్రధాన తీగలనూ రహస్యంగా కలిపాడు. మొత్తం దీపాలు ఆరిపోతాయని అతని ఆశ. ఫ్యూజుల సంగతి అతనికి తెలియదు. ఆరినవి నాలుగు దీపాలే. పట్టుబడి వెళ్లగొట్టబడినది మాత్రం తానే.

ఫ్యూజు ఉన్నంత మాత్రాన దోషాలు పుట్టకుండా పోవు. న్యూయార్కులో కోటీశ్వరుడైన వాండర్‌బిల్ట్ నూతన భవనంలో ఎడిసన్ దీపాలు పెట్టించిన మొదటి రోజులలో ఒక రాత్రి గోడ వెనుక నిప్పు పుట్టింది. ఎడిసన్ వెంటనే సంగతి గ్రహించి, కింది గదిలోని యంత్రాన్ని ఆపించాడు. గోడకు అంటించిన అలంకారపు కాగితంలో సన్నని లోహపు జరీ ఉంది. అది రెండు తీగలకూ తగిలి ఎర్రగా కాలింది. మంట ఆరింది గాని, తన ఇంటి కింద ఆవిరి యంత్రం ఉన్నదని అప్పుడే తెలుసుకున్న ఆ ఇంటి ఇల్లాలు భయపడి, మొత్తం దీపాలను తీసివేయించింది. కారణం దొరికినా రోగి వైద్యుణ్ణి వద్దనడం అంటే ఇదే.

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు పెర్ల్ వీధిలోని విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. ఆనాడు వెలిగిన దీపాలు దాదాపు నాలుగు వందలు. కొంతకాలానికి ఒక మధ్యాహ్నం పోలీసువాడొకడు పరుగెత్తుకొని వచ్చి, యాన్ వీధి, నాసా వీధి కలిసే కూడలిలో వింత జరుగుతున్నదని చెప్పాడు. ఎడిసన్ మనుషులు వెళ్లి చూడగా, పెద్ద గుంపు చేరి ఉంది. బండి గుర్రాలు ఆ కూడలిలోకి రాగానే చెవులు నిక్కించి, ఎగిరి గంతులు వేసి పారిపోతున్నాయి. చూసేవారికి అది వినోదం; ఎడిసన్‌కు మాత్రం పరువు సమస్య. వీధి కింద తీగలు కలిసే పెట్టె ఒకటి చెడి, అందులోనుండి విద్యుత్తు బయటకు పాకుతున్నది. ఆ వీధి అడుగున ఇళ్ల నేలమాళిగలు ఉండడంవల్ల ఆ విద్యుత్తు భూమి లోతుకు దిగిపోక, పైనున్న పలుచని తడిమట్టిలోనే పరుచుకుంది. ఇనుప నాడాలున్న గుర్రం కాళ్లకు అది సూటిగా తగిలింది. ఆ భాగానికి విద్యుత్తు ఆపివేసి పెట్టెను బాగుచేశారు.

ఇంతటి సూక్ష్మదృష్టి గల ఎడిసన్ తన అభిప్రాయాలలోని దోషాన్ని మాత్రం అంత తేలికగా చూడలేకపోయాడు. తాను వాడే ఏకముఖ విద్యుత్తు దూరం పోలేదు. మైలు దాటితే నీరసించేది. ప్రత్యర్థులు తెచ్చిన ఏకాంతర విద్యుత్తుకు ఆ ఇబ్బంది లేదు. 1888 నుండి ఆయన దానిని ప్రమాదకరమని ఎంత తీవ్రంగా ఖండించాడో చదివితే నేడు విచారం కలుగుతుంది. 1892లో ఆయన సంస్థ మరొక సంస్థతో విలీనమై జనరల్ ఎలక్ట్రిక్‌గా మారినప్పుడు, ఆయన పేరు కూడా అందులో మిగలలేదు. ఆ తరువాత ముడి ఇనుమును వేరుచేసే పరిశ్రమలో సంపాదించినది చాలావరకు పోగొట్టుకొని, ఇంచుమించు 1900 నాటికి కొత్త పని కోసం చూశాడు. ఆ పని బ్యాటరీ.

ఆ రోజులలో అమెరికాలో తయారైన మోటారు బండ్లలో నాలుగో వంతుకు పైగా విద్యుత్తుతో నడిచేవే. వాటిలో వాడేది సీసపు పలకలనూ గంధకికామ్లాన్నీ నింపిన బ్యాటరీ. దాని బరువు అధికం, ఆయుష్షు తక్కువ. పైగా ఆమ్లం ఒలికితే ఏమవుతుందో లూయీవిల్ అధికారి బల్ల సాక్షిగా ఎడిసన్‌కు తెలుసు. ఆమ్లానికి బదులు క్షారంతో, సీసానికి బదులు నికెలు, ఇనుములతో బ్యాటరీ చేయాలని సంకల్పించాడు. స్వీడన్ దేశంలో యుంగ్నర్ అనే శాస్త్రజ్ఞుడూ అప్పుడే ఇటువంటి ప్రయత్నంలో ఉన్నాడు. వేల ప్రయోగాలు జరిగాయి. ఫలితం లేనందుకు సానుభూతి చూపిన మిత్రునితో, పనికిరానివి ఎన్ని వేలో తెలియడం కూడా ఫలితమేనని ఎడిసన్ బదులు చెప్పాడట. ఈ మాటను దీపానికి అంటగట్టి చెప్పడం పరిపాటి అయింది గాని, 1910లో వెలువడిన ఆయన జీవితచరిత్ర ప్రకారం ఇది బ్యాటరీ సందర్భంలోనిది.

1903లో ఆ బ్యాటరీ అంగడిలోకి వచ్చింది. పత్రికలు పొగిడాయి, బండ్ల యజమానులు కొన్నారు. కొన్ని నెలలకు ఫిర్యాదులు మొదలయ్యాయి. కొన్ని పెట్టెల అతుకులనుండి క్షారజలం కారుతున్నది. మరికొన్నింటిలో పైకి ఏ లోపమూ కనిపించకపోయినా శక్తి క్రమంగా క్షీణిస్తున్నది. కారినవాటిని అతికి, క్షీణించినవాటికి బదులు కొత్తవి ఇచ్చి కాలక్షేపం చేయడం వ్యాపారులకు తెలిసిన మార్గం. కొనేవారు ఇంకా ఉన్నారు కూడా. ఎడిసన్ అందుకు ఒప్పుకోలేదు. కర్మాగారంలో తయారీ ఆపించాడు. చెడిన బ్యాటరీలను తన ధనంతో వెనక్కు తీసుకున్నాడు. శవపరీక్ష చేసినట్లు ఒక్కొక్కదానినీ కోసి చూడడం మొదలుపెట్టాడు. ఆయన వయస్సు అప్పుడు యాభై ఏడు దాటింది.

కారణం దొరకడానికీ, దొరికిన కారణానికి విరుగుడు కుదరడానికీ సుమారు అయిదేళ్లు పట్టింది. నికెలు పదార్థం విద్యుత్తును సరిగా ప్రవహింపనీయదు కాబట్టి దానిలో గ్రాఫైటు కలిపేవారు. బ్యాటరీ నిండుతూ ఖాళీ అవుతూ ఉండగా ఆ మిశ్రమం ఉబ్బి, సడలి, రేణువుల మధ్య ఉండవలసిన స్పర్శ పోతున్నది. అంటే బ్యాటరీలో శక్తి ఉన్నది. అది బయటకు వచ్చే దారే తెగిపోయింది. గ్రాఫైటుకు బదులు అతి పలుచని నికెలు రేకులు వాడితే? అంత పలుచని రేకులు చేయడమే ఒక ప్రయోగమైంది. తిరిగే స్తంభం మీద రాగి పొర, దానిమీద నికెలు పొర, మళ్లీ రాగి, మళ్లీ నికెలు, ఈ విధంగా విద్యుత్తుతో పూత పూసి, ఆ పలకను చిన్న ముక్కలుగా కోసి, రాగిని కరిగించివేస్తే నికెలు రేకులు మిగులుతాయి. ఆ రేకులనూ నికెలు పదార్థాన్నీ వందల పొరలుగా ఉక్కు గొట్టాలలో గట్టిగా కూరి, గొట్టం ఉబ్బకుండా కడియాలు తొడిగారు. కారే అతుకులకు టంకం మాని, లోహాన్ని లోహంతోనే కరిగించి అతికారు. కొత్త బ్యాటరీలను బండ్లకెక్కించి న్యూజెర్సీలోని చెడ్డ రోడ్ల మీద దినమంతా తిప్పించాడు. యంత్రం మీద పెట్టి లక్షలసార్లు ఎత్తి పడవేయించాడు. 1909లో అవి బజారుకు వచ్చాయి.

ఈలోగా లోకం మారిపోయింది. 1896లో ఎడిసన్ స్వయంగా భుజం తట్టి ప్రోత్సహించిన హెన్రీ ఫోర్డ్ అనే యువకుడు చవకైన పెట్రోలు కారును తెచ్చాడు. 1912లో చేతితో తిప్పకుండా కారును కదిలించే స్టార్టరు వచ్చింది. దానికి వాడినదీ సీసపు బ్యాటరీయే. చలిలో ఎడిసన్ బ్యాటరీ నీరసించేది. ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు ఇవ్వలేకపోయేది. మోటారు బండ్ల కోసం పదేళ్లు శ్రమపడి చేసిన వస్తువు చివరకు రైలు సిగ్నళ్లకూ, గని కార్మికుల దీపాలకూ, రైలు పెట్టెల వెలుగుకూ ఉపయోగపడింది. ఆ రంగాలలో మాత్రం అది దశాబ్దాల పాటు చెక్కుచెదరక పనిచేసి, ఆయనకు మంచి లాభాలు తెచ్చింది.

ఈ కథలో ఒక విషాదాన్ని దాచకూడదు. జలాంతర్గాములలో ఆమ్లపు బ్యాటరీ కంటె తన బ్యాటరీ క్షేమకరమని ఎడిసన్ నమ్మాడు. సముద్రపు నీరు తగిలినా అందులోనుండి విషవాయువు రాదు. కాని విద్యుత్తు నింపేటప్పుడూ వాడేటప్పుడూ అందులో ఉదజని వాయువు పుడుతుంది. 1916 జనవరి 15వ తేదీన బ్రూక్లిన్ నౌకాశ్రయంలో ఇ-2 అనే జలాంతర్గామిలో ఆ వాయువు పేలి నలుగురు మరణించారు, ఏడుగురు గాయపడ్డారు. గాలి ఆడే ఏర్పాటు చాలలేదని ఎడిసన్ పక్షం వాదించింది. ఆ మాటలో నిజం ఉంది. అయినా బ్యాటరీని చేసినవాడు దాని చుట్టూ ఉండవలసిన గాలిని గురించి కూడా ఆలోచించి ఉండవలసిందన్న ఆక్షేపణ నిలిచే ఉంది.

వార్ధక్యంలో ఎడిసన్‌కు దొరికిన సంతోషం వనయాత్రలు. ఫోర్డ్, టైర్ల పరిశ్రమాధిపతి ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత జాన్ బరోస్ ఆయన సహచరులు. 1914లో ఫ్లోరిడా చిత్తడి అడవులతో మొదలై, సుమారు పదేళ్లు ఈ మిత్రబృందం వేసవిలో కార్లలో బయలుదేరి కొండలలో గుడారాలు వేసుకునేది. వెంట లారీలు నడిచేవి. 1919 నాటికి ఆ బండ్లలో మంచుపెట్టె, పొయ్యి అమర్చిన వంటబండి కూడా చేరింది. ఎడిసన్ తన బ్యాటరీలను తెచ్చి గుడారం గుడారానికీ దీపం వెలిగించేవాడు. 1918 యాత్రలో పెన్సిల్వేనియాలో ఒక కారు ఫ్యాను విరిగి రేడియేటరును చీల్చివేసింది. కొత్తది పిట్స్‌బర్గు నుండి రావలసిందేనని అక్కడి మెకానిక్కులు చేతులెత్తేయగా, ఫోర్డ్ కోటు విప్పి తానే కూర్చొని బాగుచేశాడు. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ కూడా వచ్చి వారి గుడారంలో బస చేశాడు.

బ్యాటరీ దీపాలతో బండి మీద సంసారం సాగించే ఆ వేడుక తరువాతి కాలంలో అమెరికాలో సామాన్య కుటుంబాలకు కూడా అందింది. కారు వెనుక తగిలించుకొని పోయే చిన్న ఇంటి బండ్లను అక్కడివారు ట్రైలర్లంటారు. వాటిలో దీపాలకూ నీటి పంపుకూ ఆధారం 12 వోల్టుల బ్యాటరీ; దాని పక్కనే ఒక ఫ్యూజు. ఈ ఫ్యూజు మార్చిన కొద్దీ పోతూ ఉండడం ఆ బండ్లవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు. ఇంటిలో గోడలోని తీగ కదలదు. బండిలోని తీగ కదులుతుంది. ఇనుప చట్రం అంచుకు ఒరుసుకొని దాని తొడుగు అరుగుతుంది. బండి నిలిచి ఉన్నప్పుడు తగలని తీగ, గోతిలో పడ్డప్పుడు తగులుతుంది. అందువల్ల కొత్త ఫ్యూజు ఒకనాడు నిలుస్తుంది, మరునాడు పోతుంది. విసుగెత్తి, ఫ్యూజుకు బదులు మందపాటి రాగితీగ చుట్టేవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. అది కాపలా కుక్క అరుస్తున్నదని దాని నోరు కట్టివేయడం వంటిది. ఫ్యూజు నిలుస్తుంది, కాలేది బండి.

దోషం వెతికే పద్ధతి ఎడిసన్ కొమ్మల పద్ధతే. మొదట కొమ్మలన్నిటినీ విడదీసి కొత్త ఫ్యూజు పెట్టాలి. అప్పుడూ పోతే దోషం బ్యాటరీకీ కొమ్మలు చీలే పెట్టెకూ మధ్యనున్న తీగలోనే ఉంది. బ్యాటరీ కొనలు తారుమారుగా బిగించారేమో కూడా చూడాలి. పోకపోతే కొమ్మలను ఒక్కొక్కటిగా కలుపుతూ పోవాలి. ఏది కలిపినప్పుడు ఫ్యూజు పోయిందో ఆ దారిలోనే చిరుగు ఉంటుంది. అనుభవం గలవారు ఫ్యూజులు వృథా చేయకుండా, ఫ్యూజు స్థానంలో తగిన దీపం ఒకటి తగిలిస్తారు. తీగ ఎక్కడో తగిలి ఉన్నంతసేపూ ఆ దీపం దేదీప్యమానంగా వెలుగుతుంది. అప్పుడు తీగను చట్రం పొడవునా చేతితో కదిలిస్తూ పోవాలి. ఎక్కడ కదిలించినప్పుడు దీపం మసకబారిందో అక్కడే చిరుగు. దీపం ఆరినందుకు సంతోషించే పని ఇదొక్కటే కాబోలు.

ఎడిసన్ 1931 అక్టోబరు 18వ తేదీన వెస్ట్ ఆరెంజ్‌లోని తన ఇంట్లో ఎనభై నాలుగవ ఏట కన్నుమూశాడు. ఒక్క అమెరికాలోనే ఆయన పేరిట 1093 పేటెంట్లు ఉన్నాయి. గౌరవసూచకంగా దేశమంతటా ఒక నిమిషం విద్యుత్తు నిలిపివేయాలన్న ఆలోచన వచ్చింది. విచారించి చూడగా, ఆస్పత్రులూ కర్మాగారాలూ పంపులూ ఆధారపడి ఉన్న ఆ ప్రవాహాన్ని ఒక్క నిమిషం ఆపినా ప్రాణాలకే ముప్పని తేలింది. అందువల్ల ప్రజలే తమ తమ ఇళ్లలో దీపాలు తగ్గించవలసిందిగా అధ్యక్షుడు హూవర్ కోరాడు. అంత్యక్రియలు జరిగిన అక్టోబరు 21వ తేదీ రాత్రి పది గంటలకు, కర్బన దీపం వెలిగిన యాభై రెండేళ్లకు, ఇంటింటా దీపాలు ఆరాయి. నిమిషం గడిచాక ఎవరి దీపం వారు మళ్లీ వెలిగించుకున్నారు.